చున్నీ కింద ఉప్పు బేరం

మా నాన్నకి వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టు. గల్లాపెట్టె వెనక గోడకి ఒక బోర్డు ఉంటుంది: "ఒకే ధర. బేరము లేదు." ఆ బోర్డు కిందే కూర్చుని ఆయన ఇన్నేళ్లుగా బేరాలాడుతున్నాడు. ఆ బోర్డులో రాసింది అబద్ధమని కొనేవాళ్లకీ తెలుసు, అమ్మే ఆయనకీ తెలుసు. అయినా ఎవరూ దాన్ని తీసెయ్యమనలేదు, ఎందుకంటే బేరం మొదలెట్టడానికి అదే వీలు. "బోర్డు పెట్టుకున్నారనుకోండి, అయినా అడుగుతున్నా..." అని ఆడవాళ్లు నవ్వుతూ గిన్నె బోర్లించి అడుగు తట్టి చూసేవాళ్లు. మా నాన్న వెంటనే నీరసంగా మొహం పెట్టేవాడు. ఆ మొహం చూసి ఇంట్లో ఎవరికో బాగాలేదనుకుని "పోనీలెండి" అని వెళ్లిపోయినవాళ్లు కూడా ఉన్నారు.

స్కూలు నుంచి వచ్చి ఆ కొట్లోనే హోంవర్కు చేసుకున్న పిల్లని నేను. ఎవరైనా ఒక అంకె చెప్తే అది అసలు అంకె కాదని ఒళ్లంతా తెలిసిపోతుంది. అమ్మేవాడు ఎక్కువ చెప్తాడు, కొనేవాడు తక్కువ అడుగుతాడు, ఎక్కడో మధ్యలో టీ తాగుతూ కలుస్తారు. ఈ తెలివితో నేను బాగుపడ్డానని మాత్రం అనలేను. భవానీపురంలో మా ఇంటి ముందు ఆటో ఆపి, బెంజ్ సర్కిల్‌కి ఎంతని అడిగితే ఆటోవాడు ఒక మాట చెప్తాడు. నేనింకో మాట చెప్తాను. అతను నవ్వి వెళ్లిపోతాడు. సిటీ బస్సులో ఎవరి మోచెయ్యో పక్కటెముకల్లో గుచ్చుకుంటుంటే, ఆటోవాడి మీద గెలిచానన్న సంతోషంతో నిలబడి ఆఫీసుకి వెళ్తాను.

ఆ ఆఫీసు చిన్నది. నీళ్ల పక్కన డబ్బాలు పెట్టడం మా పని. కాలువ గట్టు మీద ఒక ఇనుప స్తంభం, దానికి సోలార్ పలక, తాళం వేసిన పెట్టె, పెట్టెలో ఒక యంత్రం, ఆ యంత్రం నుంచి నీళ్లలోకి ఒక వైరు. వైరు చివర ఉన్నది నీటి మట్టమో, ఉప్పో చూసి చెప్తుంటే, యంత్రం ఆ అంకెల్ని రాసుకుంటూ ఉంటుంది. అందులో మన ఫోన్లలో ఉండేలాంటి సిమ్మే ఉంటుంది. అంకె హద్దు దాటితే అది ఎవరికో కబురు పెడుతుంది. ఏ అంకె దగ్గర అరవాలి, ఎవరికి ముందు చెప్పాలి, వాళ్లు పలక్కపోతే తర్వాత ఎవరికి చెప్పాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి అన్నది దానికి నేర్పడం నా ఉద్యోగం. ఇంట్లో మాత్రం మా నాన్న "మా అమ్మాయి డబ్బాలకి అరవడం నేర్పిస్తుంది. అది వాళ్లమ్మ వైపు విద్య" అని చెప్పుకుంటాడు.

ఇలాంటి డబ్బా ఒకటి అవనిగడ్డ దాటి, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి మురుగు కాలువ మీద పెట్టాం. అక్కడివాళ్లు దాన్ని డ్రైను అంటారు. పైనుంచి వచ్చిన వాననీళ్లన్నీ అందులోంచే సముద్రంలోకి పోతాయి. పున్నమికీ అమావాస్యకీ మాత్రం పోటెక్కి ఉప్పునీళ్లు వెనక్కి తన్నుకొస్తాయి. వాటిని ఆపడానికి డ్రైను చివర షట్టర్లున్నాయి. పోటు రాగానే దించాలి, పాటులో ఎత్తాలి. ఆ పని చేసే లస్కరు, షట్టర్ల పక్కనే రేకుల గదిలో ఉండే పెద్దాయన. ఊరంతా ఆయన్ని లస్కరు బాబాయ్ అంటుంది. నేనూ అదే అన్నాను.

ఆ ఊళ్లో సార్వాకి, అంటే వానాకాలం వరికి, కాలువ నీళ్లు ఆలస్యంగా వస్తాయి. అవి వచ్చేదాకా ఆగితే నారు ముదిరిపోతుంది. అందుకని డ్రైనులో ఉన్న నీళ్లనే ఆయిల్ ఇంజనుతో తోడి నారుమడికి పెట్టుకుంటారు. ఆ నీళ్లు మంచివైతే నారు పచ్చగా లేస్తుంది. అవి ఉప్పువని తెలియక ఒక్కసారి తోడారా, మూడో రోజుకి కొసలు ఎర్రబడి, ఆ వారానికల్లా మడి మొత్తం ఎండు గడ్డే. డబ్బా పెట్టింది అందుకే.

షట్టర్లకి అందరికంటే దగ్గరగా నారుమడి వేసింది ఒక కౌలు రైతు. నా తల్లి వయసు మనిషి. నేను పిన్నిగారూ అంటే, "గారు లేదు, గీరు లేదు, పిన్నీ అను చాలు" అంది మొదటి రోజే. ఆ ఏడాది విత్తనమంతా ఆ ఒక్క మడిలోనే చల్లింది. అది పోతే మళ్లీ చల్లడానికి విత్తనం లేదు, చల్లినా అదను ఉండదు. నాట్లు లేకపోతే పై ఏడాది ఆ పొలం కౌలుకి ఇంకొకరి చేతికి పోతుంది. ఇదంతా ఆవిడ కష్టంలా చెప్పలేదు. గట్టు మీద నాకు దారి చూపిస్తూ, "ఇక్కడ జారుద్ది, చెప్పులు చేత్తో పట్టుకో" అన్నంత మామూలుగా చెప్పింది.

కబురు ఎలా పంపాలన్న దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. మెసేజీలు ఎవరూ చూడరు. లస్కరు బాబాయ్ ఫోనులో రీచార్జి ప్రకటనలు, లాటరీ మోసాలు, బ్యాంకు శుభాకాంక్షలు కలిపి ఒక సముద్రం ఉంది. అందులో నా డబ్బా పంపిన ఉప్పు ఎప్పుడో కరిగిపోయింది. తెలుగులో పంపిద్దామంటే ఆయన మీటల ఫోనులో అక్షరాల బదులు డబ్బాలు డబ్బాలుగా కనిపించాయి. "నీ డబ్బా నాకు డబ్బాలే పంపిందమ్మా" అన్నాడాయన.

అక్కడ అందరికీ అర్థమయ్యేది మిస్డ్ కాల్. ఇంజనులో ఆయిల్ అయిపోతే మిస్డ్ కాల్, అన్నానికి రమ్మంటే మిస్డ్ కాల్, ఊరి మొదట్లో బస్సు కనిపిస్తే మిస్డ్ కాల్. కాబట్టి డబ్బా చేత కూడా అదే ఇప్పించాను. ఉప్పు హద్దు దాటితే అది లస్కరు బాబాయ్ ఫోనుకి రింగిస్తుంది. ఆయన తిరిగి ఒక మిస్డ్ కాల్ ఇస్తే "విన్నాను, పో" అని దానికి అర్థం. ఇవ్వకపోతే కాసేపాగి పాస్టరు గారికి రింగిస్తుంది. పాస్టరు గారెందుకంటే ఊళ్లో పొలాలదాకా వినిపించే మైకు చర్చిదే. ఆయన మైకులో "డ్రైనులో ఉప్పు వస్తున్నది, ఇంజన్లు ఆపుకోండి" అంటే, ఏ గట్టు మీద ఉన్నవాళ్లకైనా వినపడుతుంది. ఇద్దరి ఫోన్లలోనూ ఆ నంబరుకి "ఉప్పు" అని పేరు పెట్టి ఇచ్చాను.

ఇక మిగిలింది అంకె. మంచినీళ్లలో ముంచితే మా మీటరు ఒకటి లోపే చూపిస్తుంది. సముద్రంలో ముంచితే యాభై దరిదాపుల్లోకి పోతుంది. డ్రైనులో ఎంత దగ్గర అరవాలో వాళ్లే చెప్పాలి. చర్చి వసారాలో ముగ్గుర్నీ కూర్చోబెట్టి అడిగాను.

"ఒకటి," అంది పిన్ని వెంటనే.

"ఒకటేంది, ఒకటంటే పోటుతో పన్లేదు, ఎద్దు ఉచ్చపోసినా మోగుద్ది," అన్నాడు లస్కరు బాబాయ్. "ఐదు పెట్టమ్మా."

"ఐదుకి మోగితే నా నారు తద్దినానికి మోగినట్టే."

"ముప్పయ్యేళ్ల నుంచి డబ్బా లేకుండానే దించా. నాకు డబ్బా చెప్పాలా?"

"మరి పోయినేడు ఎవరు నిద్రపోయారో!"

పాస్టరు గారు "శాంతి, శాంతి" అన్నారు.

నేను కొట్టు పిల్లని కదా, లోపల్లోపల నవ్వుకున్నాను. ఆవిడ ఒకటంటోందంటే మూడుకి ఒప్పుకుంటుంది. ఈయన ఐదంటున్నాడంటే మూడుకి దిగుతాడు. మూడు పెట్టొచ్చు. కానీ తేడా వస్తే నా మెడకే చుట్టుకుంటుంది కదా అని, నా వంతు జాగ్రత్తకని అందులోంచి ఇంకా తగ్గించి ఒకటిన్నర పెట్టాను. ముగ్గురం కలిసి ఒక అంకెని అటూ ఇటూ లాగి, అసలు అంకె ఏమిటో ఎవరూ నోటితో చెప్పకుండానే బేరం తెగ్గొట్టాం. ఇలా చెయ్యడం మావాళ్లకే చేతనవును.

ఎండాకాలం చివర ఆ డ్రైనులో నీళ్లు ఊరికే ఉన్నా ఒకటికీ రెండుకీ మధ్య ఊగుతుంటాయి. ఇంక చూడండి. చిన్న పోటుకీ మోగింది, గాలి తిరిగినా మోగింది. లస్కరు బాబాయ్ రెండ్రోజులు మిస్డ్ కాల్ ఇచ్చి, తర్వాత ఫోను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాడు. దాంతో కాల్స్ పాస్టరు గారికి పోయాయి. ఆయన పాపం ప్రతిసారీ మైకులో చెప్పారు. మొదట్లో జనం ఇంజన్లు ఆపారు, తర్వాత ఆపినట్టు నటించారు, ఆ తర్వాత "మైకు మళ్లీ ఉప్పంటోంది రోయ్, పప్పులో వేసుకోండి" అని పాట కట్టారు. ఆదివారం ప్రార్థనకి పిలిచినా, ఉప్పు కబురే అనుకుని కొందరు రాలేదట. అది ఆయన్ని బాగా నొప్పించింది.

అమావాస్య దగ్గర పడుతుండగా పిన్ని ఫోన్ చేసింది. మిస్డ్ కాల్ కాదు, డబ్బులు పెట్టి మాట్లాడే కాల్. అప్పుడే నాకు భయమేసింది.

"అమ్మాయ్, ఏడ్చే పిల్ల అస్తమానం ఏడుస్తుంటే తల్లి కూడా లెగవదు. నీ డబ్బా అట్టా అయిపోయింది. ఈ అమావాస్యకి పెద్ద పోటొచ్చుద్ది. నా మడి బీటలు తీస్తంది, నీళ్లు పెట్టకుండా ఆగలేను. పెడితే అవి ఏ నీళ్లో చెప్పేవాడు లేడు. ఒకసారి రా."

పొద్దున్నే బస్సెక్కాను. మళ్లీ చర్చి వసారా, మళ్లీ ముగ్గురు. మళ్లీ ఆవిడ ఒకటంది, ఆయన ఐదన్నాడు. ఈసారి పాస్టరు గారు కూడా గొంతు పెంచి, "అసలు మైకే వద్దు" అన్నారు. వసారా మెట్ల మీద ఊళ్లోవాళ్లు కొందరు చేరి వింటున్నారు. జనం చేరేసరికి వీళ్లిద్దరూ ఇంకా బిగుసుకున్నారు. అది చూస్తుంటే నాకు మా తాత గుర్తొచ్చాడు.

ఆయన మా అమ్మకి తండ్రి, నున్న వైపు మామిడికాయల వ్యాపారం చేసేవాడు. వేసవి సెలవుల్లో నన్ను మార్కెట్‌కి తీసుకెళ్లేవాడు. అక్కడ పైకి అందరూ అరుస్తుంటారు గానీ, అసలు ధర నోటితో చెప్పరు. ఒకరి చెయ్యి మీద తువ్వాలు కప్పి, దాని కింద ఇద్దరూ చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. పక్కవాడికి తెలీదు. "పైన అరుపులు జనం కోసమే పాపా, మనకోసం గుడ్డ కింద," అనేవాడు తాత. అందరి ముందూ దిగిరావడం ఎవరికైనా నామోషీ. గుడ్డ కింద నామోషీ లేదు.

"బాబాయ్, తువ్వాలుందా?" అన్నాను. ఉంది గానీ, అది ఇంజను ఆయిల్లో పుట్టి పెరిగినట్టుంది. నా చున్నీయే తీశాను. సంగతి చెప్పాను. ఎవరూ నోరెత్తొద్దు, నిజంగా ఎంత కావాలో అన్ని వేళ్లు పట్టుకోవాలి, పట్టుకున్నది నాకు తప్ప ఎవరికీ తెలీదు.

"ఇదేం చోద్యం!" అంది పిన్ని. కానీ ముందు చెయ్యి చాపింది ఆవిడే. చున్నీ కింద ఆ చెయ్యి నా వేళ్లని తడిమింది, గరుకుగా, వెచ్చగా. ఒకటి పట్టుకుంది, ఆగింది, ఇంకోటి, ఇంకోటి. మూడు. నారు మూడుదాకా తట్టుకుంటుందని ఆవిడకి తెలుసన్నమాట. తలెత్తి చూస్తే మొహంలో ఏమీ లేదు. ఆవిడ మామిడి మార్కెట్లో ఉండుంటే మా తాత దివాలా తీసేవాడు.

లస్కరు బాబాయ్ "నేను పట్టుకోను, ఐదంటే ఐదే" అంటూనే వచ్చి కూర్చున్నాడు. చున్నీ కింద ఆయన చెయ్యి చాలాసేపు కదల్లేదు. తర్వాత రెండు వేళ్లు పట్టుకుని గట్టిగా నొక్కాడు. నేను పొరబాటేమోనని కళ్లతోనే అడిగాను. ఆయన మళ్లీ రెండే నొక్కి, చటుక్కున చెయ్యి లాక్కుని, "చెప్పాగా, ఐదని!" అని మెట్ల మీద జనానికి వినపడేలా అన్నాడు.

రెండెందుకో నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. షట్టర్ల మర తిప్పే చక్రం బిగుసుకుపోయింది. ఆయన కుడి భుజం ఇదివరకటిలా పైకి లేవడంలేదు. ఒకప్పుడు చుట్ట కాల్చేలోపు దించేసిన షట్టర్లు ఇప్పుడు ఆగి ఆగి దించాలి. ఆయనకి ముందే తెలియాలి, అందరికంటే ముందే. ఆ మాట ఊరి ముందు ఎలా అంటాడు? ఇప్పుడు నేనిక్కడ రాస్తున్నానంటే, తర్వాత ఆయనే చెప్పేశాడు కాబట్టి. మర విప్పి గ్రీజు పెట్టించుకున్నాక, "నా భుజమే మొండికేసిందిలే" అని తనే నవ్వుతూ అందరికీ చెప్పుకున్నాడు.

చివరికి పాస్టరు గారు చెయ్యి చాపారు. "నాకు ఉప్పు సంగతి తెలీదమ్మా" అంటూ ఒకే వేలు పట్టుకున్నారు. రోజుకి ఒక్కసారి మించి మైకు పట్టించొద్దని.

అక్కడే కూర్చుని డబ్బాకి కొత్త పాఠం చెప్పాను. రెండు దాటితే లస్కరు బాబాయ్‌కి మాత్రమే రింగు. మూడు దాటితేనే పాస్టరు గారికి, అదీ రోజుకి ఒకసారే. రెండిటికీ నా వంతు జాగ్రత్త కలపాలని చెయ్యి లాగింది. కానీ వేళ్లలో సగాలు లేవు. గుడ్డ కింద చెప్పిన ధరని గుడ్డ తీశాక మార్చడం ఏ మార్కెట్లోనూ లేదు. అలాగే వదిలేశాను. లస్కరు బాబాయ్ బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి, దులిపి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అమావాస్య నాటి పోటు తెల్లవారాక వచ్చింది. నేను భవానీపురంలో మా ఇంటి వరండాలో టీ గ్లాసుతో కూర్చుని ఫోనులో అంకెలు చూస్తున్నాను. ఒకటిన్నర. ఒకటీ ముప్పావు. రెండు. లస్కరు బాబాయ్‌కి రింగు వెళ్లింది. ఆయన మిస్డ్ కాల్ తిరిగి వచ్చింది. కానీ అంకె ఆగలేదు. రెండుంబావు దాటింది, రెండున్నర దాటింది. చక్రం దగ్గర ఆ భుజాన్ని తల్చుకున్నాను. అవతల మడి బీటలు తీసి ఉంది.

డబ్బా హద్దు మార్చడానికి ఊరికి వెళ్లక్కర్లేదు, ఇంట్లోంచే ఫోనుతో మార్చొచ్చు. మూడుని రెండున్నర చేసేస్తే మైకు మోగుతుంది, పిన్ని ఇంజను వెయ్యదు, నా మెడ మీదకి ఏమీ రాదు. మడి మాత్రం ఇంకో రోజు ఎండుతుంది. ఊళ్లోవాళ్లు మళ్లీ పప్పు పాట అందుకుంటారు. నా బొటనవేలు ఆ మీట మీదే ఉంది.

కొట్టుకి బయల్దేరుతూ మా నాన్న నా మొహం చూశాడు. "ఏంటే, బేరం తెగలేదా?"

"తెగింది. మళ్లీ తగ్గించాలనిపిస్తోంది."

"ధర చెప్పాక నోరు మూసుకుని కూర్చోవాలి. ముందు నోరు తెరిచినవాడే పోగొట్టుకుంటాడు," అని చెప్పులేసుకున్నాడు. అయినా వెళ్లలేదు, నా వెనకే నిలబడి ఫోనులోకి తొంగి చూశాడు. ఆయనకి ఆ అంకెలు ఏమీ తెలీదు.

రెండు పాయింట్ ఏడు దగ్గర అంకె నిలబడింది. నిలబడి, నిలబడి, రెండు పాయింట్ ఆరు అయింది. షట్టర్లు నేల తాకాయన్నమాట. రెండున్నర. రెండుంబావు. మెల్లమెల్లగా రెండు కిందకి దిగింది. అప్పుడు ఫోన్ మోగింది.

"అమ్మాయ్, మైకు మోగలేదేంది? నీ డబ్బా చచ్చిందా?" పిన్ని గొంతు. వెనక గాలి.

"చావలేదు పిన్నీ. మూడు దాటలేదు. బాబాయ్ దించేశాడు. ఇప్పుడు రెండు లోపే ఉంది."

"నిజంగా రెండా, నువ్వు కాస్త కలిపి చెప్తున్నావా?"

"ఏమీ కలపలేదు. ఒకే ధర."

అవతల ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. నా వెనక మా నాన్న కూడా గొంతు సవరించుకోబోయి మానుకున్నాడు. అప్పుడు ఫోనులోంచి ఇంజను తాడు లాగిన చప్పుడు వినిపించింది. ఒకసారి దగ్గింది. రెండోసారి అందుకుంది. ఆ మోతలో ఆవిడ ఏదో అంది గానీ వినపడలేదు. పెట్టెయ్యకుండా అలాగే చాలాసేపు విన్నాను. కాల్ ఖర్చు ఆవిడదే అయినా ఆవిడా పెట్టెయ్యలేదు.

నారు నిలబడింది. నాట్లు పడ్డాయి. ఆ మధ్యలో మైకు ఉప్పు గురించి మోగింది చాలా తక్కువ, మోగినప్పుడు మాత్రం ఇంజన్లు ఆగాయి. ఆదివారం ప్రార్థనకి జనం తిరిగొచ్చారని పాస్టరు గారు ఆనందంగా చెప్పారు. అందులో నా డబ్బా పాత్ర ఏమీ లేదని కూడా చెప్పారు.

కోతలయ్యాక పిన్ని వన్ టౌన్‌కి వచ్చింది. చర్చిలో కోత పండుగకి ఊరంతటికీ వండాలట, పెద్ద గుండిగ కావాలంది. ఆ మడి నారుతో పండిన బియ్యమే అందులో ఉడుకుతుందట. మా నాన్న గుండిగ దించి, అలవాటుగా మొహం నీరసంగా పెట్టి, ఒక ధర చెప్పాడు. పిన్ని తలెత్తి గోడ మీద బోర్డు చదివింది. తర్వాత గుండిగ బోర్లించి అడుగు తట్టింది. తర్వాత నా వైపు చూసింది.

"అమ్మాయ్, నీ చున్నీ ఇటియ్యి," అంది.

మా నాన్న ఆవిడ వైపు ఒక్క క్షణం అనుమానంగా చూశాడు. తర్వాత "దాని చున్నీ ఎందుకమ్మా" అంటూ తన భుజం మీది తువ్వాలే తీసి, దులిపి, గల్లాపెట్టె మీద పరిచాడు. దాని కిందకి ఇద్దరి చేతులూ వెళ్లాయి. గుండిగ ఊరికి వెళ్లింది. ఎన్ని వేళ్లు పట్టుకున్నారో ఇద్దరిలో ఎవరూ ఇంతవరకూ నాకు చెప్పలేదు.